తరులత ఇంటి ఎర్రదీపం

మా సందులో పై అంతస్తుల ఆడవాళ్లెవరూ బేరానికి మెట్లు దిగరు. కింద నుంచి కేక వినబడగానే తాడు కట్టిన బుట్ట వదులుతారు. డబ్బు కిందికి, చేపలు పైకి. మూడో అంతస్తులో ఉండే తరులతకు మాత్రం ఆ కేకే వినబడదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయాయి.

ఆమె మినప వడియాలు పెట్టి అమ్ముతుంది. అవి వేసిన చేపల పులుసు ఒకసారి తిన్నవాళ్లు మరొకరి వడియాల జోలికి పోరు. మొగుడు పోయాక కూడా ఆ వ్యాపారం నిలిచిందంటే అత్తగారి చలవే. కింద ఎవరు పిలిచినా ముసలావిడ విని కోడలి భుజం తట్టేది. మొన్న చైత్రంలో ఆవిడ కన్నుమూసింది. అప్పటి నుంచి కొనేవాళ్లు అరిచి అరిచి వెళ్లిపోసాగారు. ఫోను ఉంది కానీ పిండి చేతులతో ఏం చూస్తుంది?

బారాసత్‌లో ఉన్న అన్న పరిమళ్ కబురు పెట్టాడు. విశ్వకర్మ పూజకు ఫ్యాక్టరీ సెలవట, ఆ రోజు వచ్చి చెల్లెల్ని తనింటికి తీసుకుపోతాడట. తరులత రానని నాకు చేతులతో చెప్పింది, కళ్లతో చెప్పింది. ఈ వయసులో వదిన వంటింట్లో పనిమనిషిగా ఎవరికి ఉండాలని ఉంటుంది?

నాకు కాలు నిలవలేదు. పూజ పందిళ్లకు దీపాలు కట్టే ఝంటును పట్టుకుని, కేక వినబడకపోతే కనబడేలా చెయ్యలేవట్రా అని అడిగాను. సందులో అందరికీ నేను మాసిమాను, అంటే పిన్నిని. మాసిమా, మీకు పగలంతా ఇదే పనా అన్నాడు గానీ, మర్నాడే సామాను తెచ్చాడు. ఎప్పుడూ కిందికి వేలాడేలా వదిలిన బుట్ట తాడు లాగితే బాల్కనీలో స్ప్రింగు మీట కదులుతుంది, వంటింట్లోనూ గదిలోనూ ఎర్రదీపాలు వెలుగుతాయి. మొదట లాగింది నేనే. వెలిగిందో లేదో చూడాలన్న ఆత్రంలో మోకాళ్లనొప్పి మరిచి మూడంతస్తులూ ఎక్కాను. నేను చేరేసరికి తరులత బాల్కనీలోంచి వంగి, పిలిచిన మనిషి ఏదా అని సందంతా వెతుకుతోంది!

చేపల నిమాయ్ తాడు లాగి మరీ అరిచేవాడు. గొంతెందుకు చించుకుంటావురా అంటే, "అరవకుండా అమ్మితే దొంగ సరుకనుకుంటారు మాసిమా" అన్నాడు.

ఆ సంబరంలో మేమంతా ఒక సంగతి మరిచాం. విశ్వకర్మ పూజంటే మాకు గాలిపటాల రోజు. ఆ రోజు పొద్దుటి నుంచీ, పటం తెగినప్పుడల్లా మేడలన్నీ "భో కాట్టా" అని హోరెత్తుతున్నాయి. తెగిన పటాల దారాలు వచ్చి బుట్ట తాడుకు చిక్కుకోవడం, ఎవరో వాటిని లాగడం, దీపాలు వెలగడం. తరులత పిండి చేతులు కడుక్కుని బాల్కనీకి పరుగు, వెనక్కి పరుగు. సరిగ్గా అప్పుడే పరిమళ్ పెద్ద సంచితో వచ్చాడు. కాసేపు చూశాడు.

"దీన్ని నమ్ముకుని ఒంటరిగా ఉంటుందా మాసిమా? రేపు కాకి వాలినా పరుగెడుతుంది. బట్టలు సర్దమనండి."

సంచి మంచం మీద పడింది.

తరులత ఆ సంచి వైపు చూడనైనా చూడలేదు. చిక్కుకున్న దారాన్ని ఒకసారి, తాడును ఒకసారి లాగి చూసింది. గబగబా మేడ మీదికెళ్లి, గాలిపటం ఎగరేస్తున్న ఝంటును చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చింది. మీటను చూపించి చిటికెనవేలు ఎత్తింది, తల అడ్డంగా ఊపింది, ఇంత చిన్న లాగుడికి కదలొద్దని. తర్వాత పిడికిలి బిగించి చూపింది, మనిషి పట్టి లాగితేనే కదలాలని. ఝంటు నెత్తి కొట్టుకున్నాడు. సన్న స్ప్రింగు తీసి తన సంచిలోంచి లావుది బిగించాడు. ఆ తర్వాత ఎర్రపటం ఒకటి తాడుకు చుట్టుకుని ఎంత గింజుకున్నా దీపం కిక్కురుమనలేదు.

"మరి మనిషి లాగితే?" అంటూ పరిమళ్ కిందికి దిగాడు. నేను బాల్కనీ పట్టుకుని వేలాడాను. అలవాటు కొద్దీ అతను తలెత్తి నోరు తెరిచాడు.

"దాదా, నోరు కాదు, చెయ్యి," అన్నాడు కింద చేపలమ్ముతున్న నిమాయ్. ఆ మాట అన్నది నిమాయ్!

పరిమళ్ లాగాడు. ఇల్లంతా ఎరుపెక్కింది. తరులత వచ్చి తొంగి చూసి అన్నను గుర్తుపట్టింది. లోపలికి వెళ్లి, బుట్టలో ఏవో పెట్టి వదిలింది. చూద్దును కదా, అతను తెచ్చిన సంచే, ఖాళీగా, నాలుగు మడతలు వేసి! దాని మీద వదినకు వడియాల పొట్లం.

అతను ఆ సంచిని చంకలో పెట్టుకున్నాడు. తర్వాత మళ్లీ తాడు లాగాడు. చెల్లెలు వంగి చూడగానే, వేలితో తన నుదుటిని తాకి చూపించాడు. చెల్లెళ్లు అన్నలకు బొట్టు పెట్టే భాయిఫోంటా పండుగ నాడు, అది పెట్టించుకోవడానికి తనే ఇక్కడికి వస్తాడట.