తవుడు పోసి కొన్న పిల్ల

నన్ను తవుడు పోసి కొన్నారని మా అక్క చెప్పేది. ఈ మాట వినకుండా పెరిగిన రెండో పిల్ల తెలుగిళ్లలో ఉండదేమో. పిల్ల ఏడుస్తుంది, తల్లి దగ్గరికి తీసుకుంటుంది, అంతటితో అయిపోతుంది. కానీ మాదన్నపేటలో మాది పాల వ్యాపారం. ఇంటి వెనకే బర్రెల కొట్టం. తవుడు మా ఇంటికి నిజంగానే వచ్చేది, ట్రాలీ ఆటోలో, బస్తాలకు బస్తాలు. అది పోసి పిల్లను కొనుక్కోవచ్చంటే నమ్మక ఏం చేస్తాను?

నేను పుట్టేదాకా అమ్మ ఒడి మొత్తం అక్కదే. నేను వచ్చి సగం లాక్కున్నానని ఆమె కోపం. ఆ కోపం తీర్చుకోవడానికి ఆమెకు ఈ తవుడు దొరికింది. ఆటో హారన్ వినబడితే చాలు, నా చెవి దగ్గరికి వచ్చేది.

"మీ సేటు వచ్చిండే. నిన్ను వాపస్ తీస్కపోతడట."

"ఎందుకు?"

"నువ్వు పని చేస్తలేవని అమ్మ చెప్పింది. నిన్నిచ్చేస్తే మా బస్తా మాకొస్తది."

నేను గడ్డి వెనక దాక్కునేదాన్ని. ఒకసారి ఆ తవుడు సేటు నన్ను పట్టుకున్నాడు. అక్క ముందే చెప్పిపెట్టినట్టుంది. "క్యా బిడ్డా, చల్తే? మా ఇంటికి పోదాం పా," అని చెయ్యి పట్టుకుని ఆటో వైపు లాగాడు. నేను అక్కడే లంగా తడుపుకున్నాను. అందరూ నవ్వారు. పాలు పిండుతున్న బాపు బర్రె బెదిరేంత గట్టిగా నవ్వాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాదు, ఇది నా పిల్లే అని ఎవరూ అనలేదు.

ఆ రోజు నుంచి పనిలో పడ్డాను. ఎవరూ చెప్పకముందే పేడ ఎత్తేదాన్ని, కుడితి కలిపేదాన్ని, పాల క్యాన్లు తోమేదాన్ని. అన్నం మారు అడిగేదాన్ని కాదు. చుట్టాలు వస్తే అమ్మ, "ఇది మస్తు పని చేస్తది, నోట్ల నాలుక లేదు," అని మురిసిపోయేది. అద్దం ముందు జడ అల్లుకుంటూ మా దొరసాని అక్క ముసిముసిగా నవ్వేది.

తర్వాత తమ్ముడు పుట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఇంట్లో కొన్న పిల్లలం ఇద్దరం ఉంటామనుకున్నాను. వాడికి మాటలొచ్చినా అక్క ఆ సంగతి ఎత్తలేదు. చూసి చూసి నేనే చెప్పాను, "నిన్ను గూడ తవుడు పోసి కొన్నర్రా" అని. వాడు ఏడుపు అందుకున్నాడో లేదో, అమ్మ వచ్చి నా చెంప పగలగొట్టింది.

"పోరన్ని గట్లంటవానే? వాడు నా కడుపుల పుట్టిండు!"

వాణ్ణి చంకనేసుకుని లోపలికి పోయింది. అప్పటిదాకా నాకు ఎక్కడో కొంచెం అనుమానం ఉండేది. ఆ దెబ్బతో అది కూడా తీరిపోయింది.

పెద్దయ్యాక నిజం తెలియడానికి అద్దం చాలింది. అమ్మ ముక్కే నా ముక్కు. కానీ అప్పటికే ముగ్గురం మూడు రకాలుగా తయారయ్యాం. అక్క పెత్తనం చేస్తుంది, తమ్ముడు గారాలు పోతాడు, నేను పని చేస్తాను.

ఇప్పుడు అమ్మ మంచం పట్టింది. అక్క ఫోన్ చేసి ఏ మందు ఎప్పుడు వెయ్యాలో నాకు ఆర్డర్లు వేస్తుంది. తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడి, ముక్కు మూసుకుని, "మంచిగున్నవా అమ్మా?" అని అడిగి పోతాడు. తుడవడం, కడగడం, తినిపించడం నా వంతు.

మొన్న జావ తాగిస్తూ అడిగాను.

"అమ్మా, అక్క తవుడు పోసి కొన్నమంటే నేను నిజమనుకున్న. నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"మరి కాదని ఒక్కసారన్న చెప్పకపోతివేందే?"

అమ్మ గుటక మింగి నా వైపు చూసింది. ఆ చూపులో ప్రేమే ఉంది, అదే నా కర్మ.

"చెప్తే నువ్వు గంత పని చేస్తుంటివా బిడ్డా?"

జావ గిన్నె ఆమె మొహాన కొట్టాలనిపించింది. నా చెయ్యి మాత్రం చెంచా నింపి, మూతికంటిన జావ తుడిచి, మళ్లీ ఆమె నోటి దగ్గర పెట్టింది.

"నోరు తెరువమ్మా," అన్నాను.