గుర్రం బొమ్మ నాణెం

భవానీపూర్‌లో నేను పనిచేసే బ్యూటీపార్లర్ యజమానురాలు చైనా ఆవిడ. పుట్టిందీ పెరిగిందీ కలకత్తాలోనే. నేను దీదీ అంటాను. మొన్న చైనా కొత్త సంవత్సరానికి, వాళ్ల లెక్కలో ఇది గుర్రం ఏడాది, ఆమె ఫోన్‌లోని చుట్టాల గ్రూపులో ఒకటే హడావుడి. గుర్రం బొమ్మతో కొత్త క్రిప్టో నాణెం వచ్చిందట, పేరులోనే అదృష్టం ఉందట, విదేశాల్లో ఉన్న బంధువులంతా కొంటున్నారట.

దీదీకి చైనా మాట వచ్చు గానీ చదవడం రాదు, మా ఇంట్లో పిల్లలకి తెలుగులాగే. అందుకని ఆ నాణెం వివరాలు వాళ్లమ్మతో చదివించింది. ముసలావిడ కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివి పకపకా నవ్వింది.

"దీనికి ఏ విలువా లేదు, సరదాకి చేశాం అని వాళ్లే రాశారు కదే!"

దీదీ ఆ మాట వాయిస్ మెసేజ్ చేసి గ్రూపులో పెట్టగానే పిన్నులూ మామయ్యలూ విరుచుకుపడ్డారు. పండగపూట అశుభం పలుకుతావా అన్నారు. ఆమె మొహం చిన్నబోయింది. కాసేపటికి తనూ కొద్దిగా కొనేసింది.

"తెలిసి తెలిసీ ఎందుకు దీదీ?" అన్నాను.

"కొనకపోతే వాళ్లతో ఏం మాట్లాడను?" అంది.

వారం తిరక్కుండానే ధర పడిపోయింది. గ్రూపులో అందరూ లబోదిబోమన్నారు. వాళ్లతోపాటు దీదీ కూడా, ఎంతో హుషారుగా.