పదికి ఎన్ని మార్కులు, అత్తయ్యా?

“ఆరు వేసుకోండి. ఏడు వేయించేదాన్నే, మా కోడలు పొద్దున గిన్నె ఠంగుమని పెట్టి పోకుండా ఉంటే.”

ఫోనుకు ఈ చివర ఉన్నది ఆ కోడలే. చెవులకున్న హెడ్‌ఫోను సర్దుకుని, ఆరు నొక్కి, శిక్షణలో నేర్పిన మాట నేర్పినట్టే అడిగింది. “ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారాండీ?”

అత్తగారికి చెప్పాల్సింది చాలానే ఉంది.

కోడలు ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. రోజూ కాసేపు ఏ పనీ పెట్టుకోకుండా ఒక మొక్క పక్కన కూర్చుంటే మనిషి మనసు కుదుటపడుతుందా లేదా అన్నది అక్కడివాళ్లు తేల్చాలనుకుంటున్న సంగతి. చేరినవాళ్లకు తలా ఒక కుండీ ఇస్తారు. మధ్యాహ్నం ఫోను చేసి, ఇవాళ మీ మనసుకు పదికి ఎన్ని మార్కులని అడుగుతారు. అత్తగారు చేరారని ఆమెకు తెలుసు. తన వంతుకే వస్తారని మాత్రం అనుకోలేదు. తెలిసినవాళ్లు తగిలితే పక్కవాళ్లకు అప్పగించాలన్నది ఆఫీసు నియమం. మొదటిరోజు “హలో” వినగానే ఆ పనే చేయబోయింది. కానీ అటునుంచి “ఎవరండీ?” అని వినిపించింది. గుర్తుపట్టలేదనుకుని ఊరుకుంది. తర్వాత వినాలనిపించింది.

అత్తగారు సర్వీసంతా సిటీ బస్సులో కండక్టరుగా చేశారు. కూర్చోవడమంటే ఆవిడ లెక్కలో డ్యూటీ ఎగ్గొట్టడమే. కుండీ వచ్చిన కొత్తలో బాల్కనీలో బల్ల అంచున, ఒళ్లో సంచీతో, ఏదో బస్సు రావాలన్నట్టు కూర్చునేవారు. ఇంట్లో అత్తాకోడళ్లకు గొడవల్లేవు, మాటలూ లేవు. “మీ ఆవిడకి చెప్పు, నీళ్లు పట్టమని” అని ఆవిడ, “అత్తయ్యకి చెప్పండి, పట్టేశానని” అని ఈమె. నడుమ అబ్బాయి ఇద్దరికీ ఉత్తరాలు మోసేవాడిలా తిరుగుతుండేవాడు.

ఫోనులో మాత్రం ఆవిడ వేరే మనిషి. కదిలే బస్సు కుదుపు కోసం మోకాళ్లు ఇంకా ఎదురుచూస్తాయన్నారు. ఎక్కడ దిగాలో అడిగేవాళ్లు ఇప్పుడెవరూ లేరన్నారు. మొక్క వెలుతురువైపు వంగుతుంటే తానే “జరగండి, ముందుకు జరగండి” అంటున్నానని చెప్పి నవ్వారు. కోడలి సంగతీ వచ్చింది. మంచిదేనట, ముఖం మీద నవ్వు ఖర్చుపెట్టదంతేనట. అడిగేవాళ్లు ఎదురు చెప్పకూడదు కాబట్టి కోడలు పళ్లబిగువున విన్నది. మర్నాడు గిన్నె చప్పుడు కాకుండా పెట్టింది. ఆ మధ్యాహ్నం ఏడు మార్కులు పడ్డాయి.

అలా ఎనిమిదికి చేరిన రోజున అత్తగారు హాయిగా మాట ముగిస్తూ, “సరే, వచ్చేటప్పుడు బట్టల సబ్బు పట్టుకురా” అన్నారు.

ఆ ఫోన్లన్నీ రికార్డవుతాయి. సాయంత్రానికి ఆఫీసులో మేడం పిలిచి, ఆ సబ్బు ముక్క రెండుసార్లు వినిపించి, నవ్వాపుకోలేక నవ్వి, తర్వాత ముఖం గట్టిపరచుకుని అత్తగారి మార్కులన్నీ కొట్టేశారు. ఇక ఆ ఇంటికి ఫోను వెళ్లదన్నారు.

కోడలు సబ్బుతో ఇల్లు చేరింది. దారంతా ఒకటే బెంగ. రేపట్నుంచి మళ్లీ “మీ ఆవిడకి చెప్పు” మొదలవుతుంది కదా అని. బాల్కనీలో కుండీ పక్కన కూర్చున్న అత్తగారికి జరిగింది చెప్పింది.

“అయితే ఇక అడగరా?” అన్నారావిడ, మొక్కను చూస్తూ.

“నేనేనని మీకు ఎప్పుడు తెలిసింది అత్తయ్యా?”

“మొదటిరోజే. కిక్కిరిసిన బస్సులో వెనక సీటులో గొణిగినా గొంతు పోల్చుకునేదాన్ని. ఇంట్లో మనిషి గొంతు పోల్చుకోలేనా?”

“మరి అప్పుడే అనలేదేం?”

“అంటే నువ్వు వినేదానివా? జవాబులు చెప్పేదానివి.”

అత్తగారు జరిగి బల్లమీద చోటిచ్చారు. గొంతు సవరించుకుని, అచ్చం ఆఫీసు గొంతుతో అడిగారు. “ఇవాళ మీ మనసుకు పదికి ఎన్నండీ?”

“మూడు.”

“ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారాండీ?”

కోడలు చెప్పింది. పొద్దున పరుగులో చేతులు తన మాట వినవని, గిన్నె మీద తనకేం కక్ష లేదని, ఇంటికొచ్చాక తననూ ఎవరైనా ఒక మాట అడిగితే బాగుండునని. అత్తగారి పెదవులు మధ్యలో చాలాసార్లు కదిలాయి, మాట మాత్రం బయటికి రానివ్వలేదు. అబ్బాయి గుమ్మందాకా వచ్చి, మోయాల్సిన కబురేదైనా ఉందేమోనని కాసేపు నిలబడి, లేదని తెలిసి లోపలికి పోయాడు.

చీకటిపడుతుంటే కోడలు లేచింది. అత్తగారు కొంగు పట్టుకుని ఆపారు.

“రేపు మీ మేడంతో ఒక్క మాట చెప్పమ్మాయ్. నా మార్కులు కొట్టేస్తే కొట్టేసుకోమను. ఈ కుండీ మాత్రం వెనక్కి అడగొద్దను. ఇప్పుడిప్పుడే ఇంకో ఆకు వేస్తోంది.”