తొమ్మిది సెకన్ల తెల్ల తువ్వాలు

మొన్న గుడివాడలో మేం కంప్యూటర్లు కొనే షాపాయన, కొత్త బ్యాకప్ సర్వర్‌ని బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవర్ చెవి వెనక దోపుకుని, "ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయమంటారండీ, విండోసా, లినక్సా?" అని అడిగాడు. కాఫీయా, టీయా అన్నంత తేలిగ్గా అడిగిన ఆ మాటకి నేను జవాబు చెప్పేలోపు రెండు టీలు చల్లారాయి, షాపు ముందు నుంచి మచిలీపట్నం బస్సులు నాలుగు వెళ్లాయి, ఆయన గడ్డం కూడా కొంచెం పెరిగినట్టే అనిపించింది. ఇదే ప్రశ్నకి కిందటేడు చటుక్కున జవాబు చెప్పి నేనేం పోగొట్టుకున్నానో ఆయనకేం తెలుసు!

మాది పెళ్లిళ్ల ఫొటో స్టూడియో. నాదీ, మా బావదీ. బావంటే చుట్టరికం కాదు. పాతికేళ్ల క్రితం ముదినేపల్లి నుంచి వచ్చే బస్సులో కిటికీ సీటు కోసం నాతో పోట్లాడి, గుడివాడలో దిగేలోపే బావా అని పిలిచేసిన మనిషి. దివిసీమ నుంచి బంటుమిల్లి దాకా మేం తీయని పెళ్లి లేదు. మా కెమెరాల ముందు రాలిన తలంబ్రాలన్నీ పోగేస్తే ఒక రైసుమిల్లుకి ఏడాది పొడుగునా పని దొరికేది. రీళ్లు పోయి, క్యాసెట్లు పోయి, అంతా కంప్యూటర్లోకి ఎక్కుతున్న రోజుల్లో, తీసిన ప్రతిదానికీ రెండో కాపీ దాచే పెట్టె, అదే బ్యాకప్ సర్వర్, ఒకటి ఉండాలని బావ పట్టుబట్టి, పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, జలపాతం బొమ్మ ఉన్న తెర వెనక స్టూలు మీద కూర్చోబెట్టి, దానికి లినక్స్ వేశాడు. మన వయసు వాళ్లకి అదేదో మందు పేరులా వినపడుతుంది. నాకూ అలాగే వినపడింది.

"మొహం లేని సిస్టమ్ ఏంటి బావా! నల్ల తెర, తెల్ల అక్షరాలు. టెలిగ్రాం ఆఫీసులా ఉంది."

"దాచిపెట్టేదానికి సోకులెందుకు? బీరువాకి బొట్టు పెడతావా ఏంటి?"

"దసరాకి పెడుతున్నాంగా!"

"అయితే దీనికీ పెట్టు. విండోస్ మాత్రం అడగకు."

ఆ గొడవ మూడు రోజులు నడిచింది. బస్టాండు దగ్గర టీకొట్టు వాళ్లు కూడా రెండు పార్టీలుగా చీలిపోయారు. చివరికి బావే గెలిచాడు. ఆ పెట్టె పదకొండేళ్లు ఒక్క రోజు సెలవు అడగకుండా పనిచేసింది.

ఇక్కడ మా పనిలో ఒక అలవాటు చెప్పాలి. ఒక్కో కల్యాణ మండపంలో లైట్లు ఒక్కో రంగులో ఉంటాయి కదా, అందుకని వీడియో మొదలుపెట్టే ముందు ఎవరో ఒకరు తెల్లగుడ్డ పట్టుకుని ఎదురుగా నిలబడితే, ఇదీ తెలుపంటే అని కెమెరాకి నేర్పేవాళ్లం. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ బావే. భుజం మీది తువ్వాలు తీసి దులిపి, రెండు చేతులా చాచి పట్టుకుని, మైకు పరీక్ష కూడా అందులోనే అయిపోవాలని, "ఒకటి, రెండు, మూడు... కానీ బావా, పెళ్లికొడుకు మనసు మార్చుకునేలా ఉన్నాడు" అనేవాడు, రోజుకో వేళాకోళం చొప్పున. పెళ్లివారికిచ్చే వీడియోలో ఆ ముక్క కత్తిరించేసేవాళ్లం. వీడియో ఇచ్చేశాక, చోటు కోసం ఎడిటింగ్ కంప్యూటర్లోవి కూడా చెరిపేసేవాళ్లం. అలా లోకాన్నంతా ఫొటోలు తీసిన మా బావ ఎవరి ఆల్బంలోనూ లేడు, ఒక్క ఆ సర్వర్లో, ప్రతి పెళ్లికీ మొదటి ఫైలుగా తప్ప.

కిందటేడు మాఘమాసం పెళ్లిళ్ల మధ్యలో బావ పోయాడు. గుండె. ప్రతిదీ పదింతలు చేసి చెప్పే నాకు, ఈ ఒక్కటీ పెంచి చెప్పడం చేతకాలేదు.

రెండు నెలలకి ఆ పెట్టె కూడా మూలిగి ఆగిపోయింది. డిస్కులు బాగానే ఉన్నాయి, పెట్టె మారిస్తే చాలన్నారు. పోట్లాడేవాడు లేడు కనక నేను దర్జాగా విండోస్ వేయించుకున్నాను. పాత డిస్కు బిగించగానే, బావ సిస్టమ్ రాసిన రాత దానికి చదవడం రాక, ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని మర్యాదగానే అడిగింది. తప్పు దానిది కాదు. పెళ్లికి బయల్దేరే ముందు కెమెరా కార్డుని ఫార్మాట్ చేసి ఖాళీ చేయడం మాకు భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం లాంటిది. ఏళ్ల తరబడి ఆ మాట కనపడితే అవును నొక్కిన వేలు, నన్నడక్కుండా నొక్కేసింది. రెండో డిస్కుకీ నొక్కింది. తెర మీద అంత ఖాళీ కనపడితే, "చూశావా బావా, ఎంత చోటు మిగిలిందో!" అని గాలిలోకి అన్నాను కూడా. పాతవన్నీ లోపలెక్కడో ఉంటాయనుకుని, ఆ సీజన్ పెళ్లిళ్లన్నీ వాటి మీదే నింపేశాను.

సంవత్సరీకానికి పది రోజుల ముందు చెల్లెమ్మ, అంటే బావ భార్య, స్టూడియోకి వచ్చింది.

"అన్నయ్యా, ఆయన గొంతు వినపడే ముక్క ఏదైనా ఉంటే ఇవ్వండి. ఆయన ఫోన్‌లో ఊళ్లో వాళ్ల పెళ్లిళ్లన్నీ ఉన్నాయి గానీ ఆయన లేరు."

"ఒక్కటేంటమ్మా, వందలున్నాయి" అన్నాను. నా జీవితంలో అతిశయోక్తి లేకుండా అన్న మాట అదొక్కటే, అదే అబద్ధమైంది. వెతికాను, ఒక్కటీ లేదు. విజయవాడలో, పోయిన ఫైళ్లు బయటికి తీసే ఆయన దగ్గరికి డిస్కుల్ని పసిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. వారం ఉంచుకుని, "మీరు మీద మళ్లీ నింపకుండా ఉంటే ఏదైనా చేసేవాణ్ణండీ" అన్నాడు.

ఆ రాకపోకల్లో కెమెరా సంచి అడుగున ఒక పాత కార్డు దొరికింది. దాని పక్కనుండే చిన్న తాళం మూసిన వైపే విరిగి ఇరుక్కుపోవడంతో, ఏ కెమెరా దాన్ని చెరపలేకపోయింది. నా వేలి బారినుంచి తప్పించుకున్నది అదొక్కటే. అందులో ఒకే ముక్క మిగిలింది, తొమ్మిది సెకన్లు.

చెల్లెమ్మని పిలిచి, జరిగింది జరిగినట్టు చెప్పి, తల వంచుకుని అది పెట్టాను. తెరంతా తువ్వాలే, తెల్లగా, అంచున రెండు వేళ్లు. దాని వెనకనుంచి గొంతు: "ఒకటి, రెండు, మూడు... సరిపోయిందా బావా? చేతులు లాగేస్తున్నాయి." అంతే. నాలుగోసారి చూస్తూ చెల్లెమ్మ, నా వైపు తిరక్కుండా, చాలా నెమ్మదిగా అంది: "ఆ తువ్వాలు కొంచెం కిందికి దించమనండి అన్నయ్యా."

షాపాయనతో చివరికి లినక్స్ వేయమన్నాను. ఇప్పుడున్న పెట్టెకేం జబ్బు లేదు, దాని సోకైన మొహం చూడలేకే మార్చేస్తున్నాను. కొత్తదాంట్లో మొట్టమొదట ఎక్కించింది ఆ తొమ్మిది సెకన్లే. ఇంకో రెండు కాపీలు తీసి, ఒకటి చెల్లెమ్మకిచ్చాను, ఒకటి మా ఇంట్లో బీరువాలో పెట్టాను.

ఈమధ్య కొన్న కెమెరా తెలుపేదో తనంతట తనే తెలుసుకుంటుంది. గుడ్డ పట్టుకుని ఎదురుగా ఒక మనిషి నిలబడాల్సిన పని లేదు. అయినా ప్రతి మండపంలోనూ, మొదలుపెట్టే ముందు, ఎవరూ లేని ఆ చోటుని తొమ్మిది సెకన్లు తీస్తున్నాను.