మా మరిది పెట్టిన తెలుగు సంతకం

మా మరిదికి బెయిలు వచ్చిన రోజు మా అత్తగారు పొద్దున్నే ఖిదిర్‌పూర్ బజారుకు వెళ్ళి ఇలిష్ చేప కొనుక్కొచ్చింది. కూర అయింది, అన్నం అయింది, మనిషి మాత్రం రాలేదు. జైలు గేటు దాటకముందే ఇంకో కాగితం చేతిలో పెట్టి వాణ్ణి మళ్ళీ లోపలికి తీసుకుపోయారు. కోర్టు వదిలిపెట్టమన్నది పాత కేసులోనట. ఇప్పుడు వచ్చింది అసలు కేసే కాదట, ముందస్తు నిర్బంధమట. చేసిన పనికి కాదు, ఇకముందు చేస్తాడేమోనని పెట్టేది. ఏడాది దాకా ఉంచుకోవచ్చట.

"ఇది శిక్ష కాదు, జాగ్రత్త మాత్రమే" అన్నాడు ఆఫీసులో ఒకాయన, టీకా గురించి చెబుతున్నట్టు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా వైపు అంటారు. ఇక్కడ నేరం ఇంకా పుట్టలేదు గానీ దానికి ఏడాది జైలు మాత్రం ముందే పుట్టింది.

మా మరిది ఓడరేవు డాకుల్లో ట్రైలరు లారీ నడుపుతాడు. వాడు తోలిన కంటైనర్లో కాగితాల మీద లేని సరుకు దొరికింది. వాడు సుద్దపూస అని నేననను. ఎవరు ఏ పెట్టె ఎక్కిస్తే ఆ పెట్టె తోలి, లోపల ఏముందని అడగని రకం. ఆ తప్పు తేల్చడానికి కోర్టుంది కదా, తేల్చమనండి. తేల్చేలోపు ఈ రెండో తాళం ఎందుకని నా బాధ.

లాయరు మా ఊళ్ళోని బెంగాలీ కుర్రాడు. మా ఊరంటే లిలువా. మా ఆయన అక్కడి రైల్వే వర్క్‌షాపులో పని చేస్తాడు, నేను ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతాను. లాయరు నన్ను "బౌది", అంటే వదినా, అంటూనే ధైర్యం చెప్పాడు. ఎందుకు పట్టుకున్నారో ఆ కారణాలు రాసి ఇవ్వాలి. మనిషికి వచ్చిన భాషలో ఇవ్వాలి. దానికి జవాబు రాసుకునే హక్కు వాడికుంటుంది. ఆపైన పెద్ద జడ్జీలు కూర్చున్న ఒక బోర్డు చూసి, చాలినంత కారణం లేదంటే వదిలేయాల్సిందే. వింటే ఎంత బాగుందో. నాకు చేతికి బంగారు గాజు తొడిగినట్టే అనిపించింది, ఆ బంగారం రంగు తెలిసే దాకా.

పట్టుకున్నప్పుడు వాణ్ణి అడిగారట, నీకు ఏ భాష వచ్చని. ఖిదిర్‌పూర్‌లో మా తెలుగువాళ్ళున్న సందులో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు. జనాభా లెక్కల వాడు అడిగినా, ఆస్పత్రిలో అడిగినా తెలుగు అనే చెబుతారు. అక్కడి పిల్లలు చదివేది హిందీ బడిలో, తిట్టుకునేది బెంగాలీలో. తెలుగు ఇంట్లో నోటితోనే. అయినా సంతకం మాత్రం తెలుగులోనే ఉండాలని ఆ సందులో ఒక పట్టింపు. మా అత్తగారు పలక మీద బియ్యపు గింజలు పేర్పించి మరీ కొడుక్కి వాడి పేరు రాయడం నేర్పింది. ఆ పేరు తప్ప వాడికి ఇంకొక్క తెలుగు అక్షరం రాదు.

వాడు తెలుగు అన్నాడు. వాళ్ళు ఎవరి చేతో కారణాలన్నీ తెలుగులోకి రాయించారు. అడుగున 'చదివి అర్థం చేసుకున్నాను' అని ఉన్నచోట వీడు ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టాడు.

జైల్లో వాణ్ణి చూడనిచ్చిన మొదటి ములాకాత్‌లో ఇనప జాలీకి అటువైపు నిలబడి ఏమీ జరగనట్టు నవ్వాడు.

"అందులో ఏటి రాసినారో నువ్వే సదువొదినా" అన్నాడు.

"మరి సంతకం ఎందుకు పెట్టావురా?"

"తెలుగే గదా. మనదే గదా అని ఎట్టీసినాను."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. లాయరు దగ్గర తీసుకున్న నకలు చేత్తో పట్టుకుని, చుట్టూ పది కుటుంబాలు అరుచుకుంటుంటే, నేనూ గొంతెత్తి చదివాను. 'సదరు నిర్బంధితుడు భవిష్యత్తులో అట్టి కార్యకలాపములకు పాల్పడు అవకాశము మెండుగా కలదు.' డిగ్రీ దాకా శ్రీకాకుళంలో తెలుగులో చదువుకున్న నాకే నోరు తిరగలేదు. వాడు తెల్లమొహం వేశాడు. రెండోసారి 'అట్టి కార్యకలాపములకు' తీసేసి 'ఇలాంటి పనులకు' అని చదివాను. ములాకాత్ దొరికినప్పుడల్లా అదే పని. జవాబు రాయాలంటే ఆరోపణ ఏమిటో వాడికి తెలియాలి కదా. వాడి చెవి మంచిది. చిన్నప్పటి నుంచి భజనలో పాటలన్నీ పక్కవాళ్ళ దగ్గర విని పట్టుకున్నవాడే.

లాయరు అర్జీ పెట్టాడు, మనిషికి తెలుగు చదవడం రాదు, హిందీలో ఇవ్వండని. అర్జీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్ళింది. ఎప్పుడు అడిగినా ఫైలు పైన ఉంది అనేవారు. ఆ పైన అనేది ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. చివరికి జవాబు వచ్చింది. అతనే తెలుగు వచ్చన్నాడు, సంతకం తెలుగులో ఉంది, శ్రమపడి మాతృభాషలో ఇచ్చాము, కనుక అభ్యంతరం చెల్లదు. మేము వాళ్ళకు దండ వేయకపోవడమే తక్కువన్నట్టు ఉంది ఆ రాత. ఒక మనిషికి చదవడం వచ్చని చూపించడం తేలిక. రాదని ఎలా చూపిస్తాం?

ఇది చాలదన్నట్టు మా అత్తగారు.

"నా కొడుకు సేత తెలుగు రాదని అనిపిత్తావేటి?" అంది నన్ను పట్టుకుని. "దొంగన్నా పడతాను గానీ, ఆ మాట అననిస్తానేటి? మీ మావయ్య బతికుంటే ఉరేసుకుందురు."

"అత్తమ్మా, రాదంటేనే బయటికొస్తాడు."

"వొచ్చి ఏ మొకం పెట్టుకుని తిరుగుతాడు మన సందులో?"

ఆ తర్వాతి ములాకాత్‌కు ఆవిడే వెళ్ళింది. తెలుగు రాదని ఎక్కడా అననని జాలీ మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. సంగతి తెలిసి నేను రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

బోర్డు ముందుకు లాయరును రానివ్వరట. కావాలంటే లాయరు కాని స్నేహితుణ్ణి ఒకరిని తోడు తెచ్చుకోనిస్తారట. నేను వెళ్తానంటే అక్కడి గుమాస్తా నా కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"మీరు వదిన కదా బౌది. ఇక్కడ స్నేహితుడు అని ఉంది" అన్నాడు.

ఇంట్లో అత్తగారిది ఇంకో గొడవ, మరిదికి వదిన స్నేహితురాలెలా అవుతుంది, నలుగురూ వింటే ఏటనుకుంటారని. ఆ రోజు నాకు స్నేహితులనే మాటంటేనే విరక్తి పుట్టింది. లాయరు ఇంకో అర్జీ రాసి, వదిన కూడా స్నేహితురాలు కావచ్చని ఒప్పించాడు.

బోర్డు రోజున వాడు శుభ్రంగా తల దువ్వుకుని వచ్చాడు. పోలీసులు పక్కనుంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. ఈ గది దాటితే ఇల్లు, లేదంటే ఏడాది. అది వాడికీ తెలుసు. నేను నాకొచ్చిన ఇంగ్లీషు, హిందీ కలిపి సంగతి చెప్పాను. అధ్యక్షుడి స్థానంలో ఉన్న పెద్దాయన నిదానంగా విని, తెలుగు కాగితం వాడికి అందించి, చదవమని హిందీలో అన్నాడు.

రాదని చెప్పరా అని నా ప్రాణమంతా కళ్ళలోకి తెచ్చుకుని చూశాను. వాడు నా వైపు చూడలేదు. కాగితం రెండు చేతులతో పట్టుకుని గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. 'సదరు నిర్బంధితుడు భవిష్యత్తులో ఇలాంటి పనులకు పాల్పడు అవకాశము మెండుగా కలదు...' ఎక్కడా తడబడలేదు. నేను ఊపిరి తీసుకున్నచోట ఊపిరి తీసుకున్నాడు. పేజీ తిప్పాల్సినచోట తిప్పాడు. ఎదుటి పక్షం ఆఫీసరు మొహంలో వెలుగు వచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"అయ్యా, ఇది చదవడం కాదు. నేను వినిపించింది అప్పజెబుతున్నాడు. అక్కడ వేరే మాటుంది, వీడు నేను మార్చి చెప్పిన మాట అంటున్నాడు."

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. ఆ గదిలో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. ఆఫీసరు ఆ మాటే అన్నాడు, ఈవిడ చెప్పేదానికి రుజువేమిటని. మనిషికి అర్థం కావాలని ఇచ్చిన కాగితం. ఇచ్చిన వాళ్ళకూ అర్థం కాదు, చూసే వాళ్ళకూ అర్థం కాదు, తీసుకున్నవాడికి అసలే కాదు. పైగా రుజువు నేనివ్వాలి.

"అయితే నేనొక ముక్క రాసిస్తాను. అది చదవమనండి" అన్నాను.

పెద్దాయన ఒప్పుకున్నాడు. తెలుగులో రాసి, దాని అర్థం ఇంగ్లీషులో వేరే కాగితం మీద రాసి ముందు తనకు ఇమ్మన్నాడు. ఏం రాయాలో ఆలోచించలేదు. చేతికొచ్చింది రాశాను.

వాడు ఆ చీటీ అందుకుని చాలాసేపు చూశాడు. ఒకసారి నా మొహంలోకి చూశాడు, అక్కడేమైనా రాసి ఉందేమోనని. వదిన ఏం రాసి ఉంటుందా అని వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. వాడిమీద ఎంత కోపమొచ్చిందో అంత జాలి వేసింది.

"అమ్మ బాగుంది" అని చదివాడు. తర్వాత పెద్దాయన కోసం హిందీలో కూడా చెప్పాడు.

పెద్దాయన తన చేతిలోని ఇంగ్లీషు కాగితం చూసుకుని, మడిచి ఫైల్లో పెట్టాడు. రాదని చెబితే నమ్మేవాడో లేదో గానీ, వచ్చినట్టు కనబడాలని అంత కష్టపడినవాణ్ణి నమ్మాడు. వాణ్ణి వెళ్ళమని మెల్లగా అన్నాడు. కొన్నాళ్ళకు ఆ నిర్బంధం చెల్లదని ఉత్తర్వు వచ్చింది. పాత కేసు మాత్రం అలాగే ఉంది, అది నడవనీ.

ఈసారి మనిషి గేటు దాటి బయటికొచ్చే దాకా ఎవరికీ చెప్పలేదు. మేమిద్దరం ఖిదిర్‌పూర్ బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చున్నాడు.

"అమ్మకి సెప్పకొదినా, సదవలేకపోయినానని."

"చెప్పనులే."

"ఇంతకీ ఆ దినం ఆ సీటీ మీద ఏటి రాసినావు?"

"ఇంటికి పోదాం రా, అని రాశాను."

వాడు తల తిప్పి నావైపు చూశాడు.

"ఆ ముక్క నోటితో అంటే అప్పుడే లేసొచ్చీసేవోణ్ణి గదా" అన్నాడు.