డ్రైవర్ దొర గేరు రాడ్డు

నా చిన్నప్పుడు మా తాతయ్య పనికి వంక పెట్టిన మనిషి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో లేడు. పెట్టినవాడు బతికి బట్టకట్టేవాడూ కాదు. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, ఆ షెడ్డులోనే తల నెరిపించుకున్నాడు. "నా సెయ్యి పడ్డాక మళ్లీ కదిల్తే నా పేరు మార్చెయ్యండి" అనేవాడు. చెంబు మూత వదులైందని మామ్మ అన్నా తననే అన్నట్టు ఉలిక్కిపడేవాడు. అంత గీర!

మా క్వార్టర్లకు అవతలి వీధిలో ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ ఉండేవాడు. మెయిలు బళ్లు నడిపి రిటైరైనవాడు. పిల్లలమంతా డ్రైవర్ దొర అనేవాళ్లం. భార్య పోయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక పాత రేసు కారు. ఇద్దరే పడతారు, పైన కప్పు లేదు, ఎరుపు రంగు వెలిసిపోయింది. ఆదివారం చర్చి అయ్యాక దాంట్లో మంగ్లా దాకా వెళ్లి వచ్చేవాడు. ఇంజను దిగిపోయిన మనిషికి నడపడానికి మిగిలింది అదొక్కటే. ఆమధ్యనే లాల్‌ఖదాన్ దగ్గర గేరు పడక కారును గుంటలోకి దింపాడు. అప్పటినుంచి ఇక అమ్మేయమని వీధి వీధంతా పోరు. గేరు రాడ్డు వదులైంది గానీ తనకేం కాలేదని ఆయన వాదన. దాన్ని సరిచేసి పెట్టమని మా తాతయ్యకు కబురు పెట్టాడు. తాతయ్య వెంట నేనూ వెళ్లాను. నన్ను రమ్మన్నవాళ్లెవరూ లేరనుకోండి.

రాడ్డు నిజంగానే వదులుగా ఉంది. తాతయ్య కాళ్ల దగ్గరి రేకు విప్పి చూశాడు. రాడ్డు అడుగు కూర్చునే చోట ఇత్తడి కట్టు, అదే బుష్, అరిగి కోడిగుడ్డులా సాగిపోయింది. దాన్ని అదిమి పట్టే స్ప్రింగులో చేవ చచ్చిపోయింది. ఫోర్‌మన్‌ను అడిగి షెడ్డులో కొత్త బుష్ చేసుకుని, గట్టి స్ప్రింగు వెతుక్కుని, మరుసటి ఆదివారం బిగించాడు. ఊపి చూస్తే రాడ్డు కదల్లేదు. గేరులో వేస్తే టక్కున పడింది. మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

అప్పుడు దొర ఎక్కి కూర్చుని రాడ్డు పట్టుకున్నాడు. గడగడమంది.

"మిస్త్రీ, అభీ భీ హిల్తా హై" అన్నాడు, ఇంకా ఊగుతోందని. పాపం, ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను కారు తలుపు దగ్గరే నిలబడ్డాను కాబట్టి నాకు బాగా కనిపించింది. ఊగుతున్నది ఆయన చెయ్యి. తీస్తే రాడ్డు బుద్ధిగా నిలబడుతోంది, వేస్తే గడగడ. ఆ మాటే అనబోయాను. నా నోట్లో అప్పుడూ ఇప్పుడూ నువ్వుగింజ నానదు. తాతయ్య నా జడ పట్టుకుని వెనక్కి లాగాడు. "అబ్బా" తప్ప మరో మాట బయటికి రాలేదు.

తన పనికి వంక పెట్టినందుకు ఇక అంతెత్తున లేస్తాడనుకున్నాను. ఆయన తల గోక్కున్నాడు. బుష్ కాస్త ఎక్కువ గోకేశానని, తప్పు తనదేనని వచ్చీరాని హిందీలో ఒప్పుకున్నాడు. ఓలమ్మో, మా తాతయ్యేనా అని నోరు వెళ్లబెట్టాను. కొత్త ఇత్తడి కుదురుకునే దాకా ఒక్క చేత్తో గేరు మార్చకూడదని, ఇద్దరూ పట్టుకోవాలని చెప్పి పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. నూనె మరకల చెయ్యి దొర చేతి మీద వేశాడు. ఆ రోజుల్లో ఒక మిస్త్రీ దొర చేతి మీద చెయ్యి వేయడమంటే మాటలా! దొర కాసేపు ఆ చేతివైపే చూసి "అచ్ఛా" అన్నాడు. గడగడ ఆగింది. కారు మంగ్లా వైపు వెళ్లిపోయింది.

సాయంత్రం తాతయ్యను పట్టుకున్నాను. "నువ్వు బాగానే సేసేవు కదా తాతా. ఆ దొర సెయ్యే ఒణుకుతంది. అబద్ధమెందుకాడేవు?"

"ఓసి గుంటా, ఇనుముని ఏటన్నా పడతాది. దానికి సిగ్గేటి? నా పని బాగోనేదంటే నాకేటైపోద్ది? రేపు మళ్లీ సేసుకుంటాను. ఆ సెయ్యి బాగోనేదంటే ఆ మడిసి రేపేటి సేసుకుంటాడు?"

తాతయ్య చేసిన బుష్ కుదరలేదన్న మాట షెడ్డులో పాకింది. "ఏటి మిస్త్రీ, కారు బుష్ కుదిరిందా?" అని కుర్ర ఫిట్టర్లు కూడా ఆయన్ని ఆటపట్టించేవారు. అంత గీర మనిషీ పళ్లు బిగించి ఊరుకునేవాడు. ఆదివారం వస్తే చాలు, తలకు నూనె రాసుకుని కారెక్కేవాడు. తర్వాత యుద్ధం వచ్చి, పెట్రోలు కరువై కారు మూలపడే దాకా ఆ బుష్ కుదరనే లేదు.

కాపురానికి వెళ్లాక నేనూ ఆ విద్యే పట్టాను. మా అత్తగారికి చూపు తగ్గితే, సూది బెజ్జమే మరీ సన్నమని తిట్టేదాన్ని. తాతయ్య మనవరాలినని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా. ఆమెకేం తెలియదనే అనుకున్నాను.

ఇప్పుడు నా చేతులు వణుకుతున్నాయి. మా కోడలు టీ సగం గ్లాసే పోసి ఇస్తూ, పాలవాడు ఇవాళ పాలు తక్కువ పోశాడత్తయ్యా అంటుంది. పొయ్యి మీద గిన్నె నిండా పాలు నాకు కనిపిస్తూనే ఉంటాయి. దొరకూ అంతా తెలుసని, తెలిసే మా తాతయ్య చేతి కింద తన చెయ్యి ఉండనిచ్చాడని ఈ వయసులో గానీ నాకు తట్టలేదు. "ఆ పాలవాడి బుద్ధే అంతమ్మా" అని ఆ సగం గ్లాసు అందుకుంటాను.