పిచ్చుకల కొక్కెం

వసారాలో వేలాడే వరికంకుల కుచ్చు మీద పిచ్చుకలు పోట్లాడుకోవడం మన తరం వారికి గుర్తుండే ఉంటుంది. నిన్న రేపల్లె దగ్గరి మా పొలం బంగళాలో ఆ కుచ్చు కట్టే ఇనుప కొక్కెం చూడగానే కొత్త ధాన్యపు వాసన ముక్కుకు తగిలినట్టయింది.

ఆ బంగళా మొదట ఒక భూస్వామి కుటుంబానిది. టీచరైన మా అమ్మ దాన్ని కొన్న రోజున ఆ ఇంటి పెద్దావిడ తాళాలిస్తూ, “ఇల్లు నీదే అమ్మాయ్. పిచ్చుకలు మాత్రం నావి” అన్నారు.

“అలాగే పిన్నిగారూ, వాటిని అద్దె అడగనులెండి” అంది అమ్మ.

ఆ తర్వాత మా క్రిస్మస్ నక్షత్రం కూడా ఆ కొక్కేనికే, కుచ్చు పక్కనే వేలాడింది. ఎర్రగచ్చు మీద రాలిన ఊకను రోజూ ఊడ్చింది నేనే.

అమ్మ పోయాక ఇల్లు అమ్మవలసి వచ్చింది. కొన్నవారు పడగొట్టి రొయ్యల చెరువు తవ్విస్తారేమోనని భయపడుతూనే ఉన్నాను. నిన్న తాళాలు అందుకున్న తెనాలి రైతు పైకి చూసి, “ఈ కొక్కెం ఏంటండీ?” అని అడిగారు. పెద్దావిడ మాటతో సహా అంతా చెప్పాను.

ఆయన నవ్వి, వెంట తెచ్చుకున్న మేస్త్రిని పిలిచారు.

“సున్నం కొట్టేటప్పుడు దీన్ని కదపొద్దు. కోతలవగానే కుచ్చు కట్టాలి. ఇంట్లో పెద్దావిడగారి పిచ్చుకలున్నాయంట.”